సుద్దగీత

పొద్దున షాపు తెరవగానే పెదనాన్న ఓ పాత గుడ్డముక్క మీద సుద్దతో గీత గీసేవారు. గీత తిన్నగా వస్తేనే కత్తెర పట్టేది. నలభై ఏళ్లుగా కటింగ్ మాస్టారు. ఆ రోజు చెయ్యి మాట వింటుందో లేదో ఆయనకు ఆ గీతే చెప్పేది.

పార్కిన్సన్స్ వచ్చాక చేతి వణుకుకు గీత వంకర్లు పోయింది. డాక్టరు మాత్ర రాశాడు, తర్వాత మోతాదు పెంచాడు. మూడో నెలకు గీత మళ్లీ తిన్నగా వచ్చింది. పెద్దమ్మ ఆ ముక్కను అద్దం వెనక దాచుకుంది.

ఇక పెదనాన్న కత్తెర వదల్లేదు. కుట్టి ఇస్త్రీ చేసి తగిలించిన బట్టలు కూడా దించి, కుట్లు విప్పి, మళ్లీ కత్తిరించేవారు. అన్నానికి పిలిస్తే "ఈ ఒక్క అంచూ" అనేవారు. ఊరికే కూర్చున్న మనిషికి ఇన్నాళ్లకు పని దొరికిందని అందరం మురిసిపోయాం.

"మాస్టారూ, ప్యాంటడిగితే నిక్కరిస్తారేంటి?" అన్నాడొకాయన. షాపంతా నవ్వింది.

పెదనాన్న నవ్వలేదు. "చెయ్యి ఆగట్లేదయ్యా" అన్నారు. అదీ జోకే అనుకున్నాం.

పక్కింటి టీచరమ్మ, చనిపోయిన తండ్రి కోటును తమ్ముడికి సరిచేయమని తెచ్చిచ్చింది. నాలుగు రోజులకు వచ్చేసరికి కోటు చేతులు మోచేతుల దాకా పోయాయి. ఆవిడ కింద పడ్డ ముక్కలన్నీ ఏరి సంచిలో వేసుకుని వెళ్లిపోయింది.

అప్పుడు పరిగెత్తాం డాక్టరు దగ్గరికి.

"ఈ మందుతో కొందరికి ఇలా అవుతుంది. ఒక పని పట్టుకుంటే ఆపుకోలేరు. ముందే చెప్పాలి కదమ్మా?"

"ఏమని చెప్పాలి బాబూ?" అంది పెద్దమ్మ. "మా ఆయన పని చేస్తున్నాడు, కాపాడండి అనా? రాసేటప్పుడు మీరు చెప్పొచ్చుగా?"

డాక్టరు చీటీ వైపు చూశాడు. "మెల్లగా తగ్గిద్దాం" అన్నాడు.

"తగ్గించకండి" అన్నారు పెదనాన్న. "చెయ్యి పోతుంది."

"ఉండి ఏం చేసింది మీ చెయ్యి?" అంది పెద్దమ్మ.

ఆ మాట అన్నందుకు పెద్దమ్మ ఇంటికి వచ్చేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉంది.

మాత్ర తగ్గింది. పిచ్చి తగ్గింది. వణుకు తిరిగొచ్చింది.

ఇప్పుడు ఆయన షాపులో బొత్తాలు రంగుల వారీగా డబ్బాల్లో వేస్తారు. కటింగుకు వేరే మనిషిని పెట్టారు. గీత గీయడం మానేశారు.