‘ఏం కాదు’ అనని సిస్టరమ్మ

మొన్న తెనాలి బజారులో కొల్లూరు లంకల నుంచి వచ్చిన చక్రకేళి గెలలు దింపుతున్నారు. బాగా పండిన గెల ఒకటి చెయ్యి జారి కింద పడి చితికింది. ఆ వాసన ముక్కుకి తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. అరటిపండు వాసనకి ఎవరికైనా పూజో వ్రతమో గుర్తొస్తుంది. నాకు ఆసుపత్రి గుర్తొస్తుంది. తెల్లచీర కట్టుకుని, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మంచం పక్కన నిలబడి నా మొహంలోకి చూస్తున్న సువార్తమ్మ సిస్టరు గుర్తొస్తుంది. ఆవిడ పోయి ఏడాది దాటింది. మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. అందుకే చెప్పాలనిపించింది. నాకు సంతకం తప్ప రాయటం రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. ఇదంతా దాని పొత్తికడుపు కింద ఉన్న కుట్టు గురించే కాబట్టి, మధ్యలో కలం ఆపి "నిజంగానా అమ్మా?" అంటోంది. నిజమే. అన్నీ దానికి చెప్పలేదు ఇన్నాళ్ళూ.

మాది అడవులదీవి. మా ఆయన కొన్నాళ్ళు సముద్రం మీద చేపల వేటకి వెళ్ళేవాడు, కొన్నాళ్ళు కౌలుకి చేసేవాడు. పెళ్ళయిన ఆరేళ్ళకి పుట్టిన ఒక్కగానొక్క పిల్ల ఇది. చిట్టి అని పిలుచుకునేవాళ్ళం. దానికి ఐదో ఏడు నడుస్తుండగా, ఏడ్చినా దగ్గినా గజ్జ దగ్గర నిమ్మకాయంత ఉబ్బు రావటం మొదలైంది. కాసేపటికి అదే పోయేది. బాపట్లలో చూపిస్తే హెర్నియా అన్నారు. పేగు కిందికి జారుతోంది, ఎప్పుడన్నా అక్కడే ఇరుక్కుపోయిందంటే ప్రాణం మీదికి వస్తుంది, ఆలస్యం చెయ్యకుండా తెనాలి తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించండి అన్నారు. ఈలోపల పిల్లని ఎక్కువ ఏడవనివ్వొద్దు అని కూడా అన్నారు. మాకు ఆ చివరి మాట ఒక్కటే బుర్రకెక్కింది. ఇక పిల్ల ఏడవకుండా ఉండటానికి నోటికొచ్చిన అబద్ధమల్లా ఆడాం. రేపల్లెలో బస్సు మారేటప్పుడు "ఎక్కడికి?" అని అడిగితే, తెనాలిలో గాజులు కొనటానికి అని చెప్పాం. మా అత్త ఇంకొంచెం ముందుకెళ్ళి, గాజులు తొడిగే ఆవిడ చాలా మంచిదనీ, చేతికి మందు రాసి తొడుగుతుందనీ చెప్పింది. సూది వేస్తారు కదా, దానికి ముందు నుంచే దారి వేసిందన్నమాట.

పిల్లల వార్డులో మొట్టమొదట ఎదురైన మనిషి సువార్తమ్మే. అప్పటికి ఆవిడకి యాభై ఉంటాయేమో. లావుపాటి మనిషి, నడిస్తే చెప్పుల చప్పుడు వార్డంతా వినపడేది. రేపల్లెలో లూథరన్ క్రైస్తవుల కుటుంబం వాళ్ళది. మెడలో ఏమీ ఉండేది కాదు, చేతికి మాత్రం మగవాళ్ళ గడియారం ఒకటి. మా చిట్టి ఆవిడని పైనుంచి కిందికి చూసి, "గాజులావిడ నువ్వేనా?" అంది.

"గాజులావిడేంటి?" అని ఆవిడ మా ఆయన వైపు తిరిగింది. "ఏమయ్యా, పిల్లకి ఏమని చెప్పి తీసుకొచ్చావు?"

మా ఆయన తల గోక్కున్నాడు. "ఏడిస్తే ఉబ్బుతుందండి. అందుకని..."

"అందుకని నన్ను గాజుల కొట్లో కూర్చోబెట్టావు. బాగుంది."

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని, మూలిగి, నేల మీద చతికిలపడింది. పిల్ల మొహానికి తన మొహం సమానంగా వచ్చింది. "చూడు తల్లీ, ఇక్కడ గాజులు లేవు. ఇది ఆసుపత్రి. నీకు ఇక్కడ ఉబ్బుతోంది చూడు, దాన్ని డాక్టరుగారు బాగుచేస్తారు. సూది వేస్తారు. నొప్పెడుతుంది" అంది. తర్వాత ఆవిడ తన చెయ్యి చాపి, "ఎంత నొప్పో చూద్దాం, నన్ను గిల్లు" అంది. చిట్టి భయంగా గిల్లింది. "ఇది దోమ. ఇంకా గట్టిగా." మళ్ళీ గిల్లింది. "ఇది చీమ. గోరుతో గిల్లవే!" ఈసారి పిల్ల పళ్ళు బిగించి గిల్లింది. "అబ్బా! ఆఁ, ఇదీ సూదంటే. ఇంతే ఉంటుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేలోపు అయిపోతుంది. ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు." అలా ఏ పిల్లకైనా ముందు తన చెయ్యి ఇచ్చేది ఆవిడ. ఆవిడ ఎడమ చేతి మీద ఎప్పుడు చూసినా గోటి గాట్లు ఉండేవి.

ఆ మాటలన్నీ విని చిట్టి ఏడ్చింది. ఉబ్బు వచ్చింది. నేను సిస్టరు మీదికి లేచాను. "ఏడిపించొద్దన్నారండీ డాక్టర్లు! మీరే ఏడిపిస్తే ఎట్టా?" అన్నాను. ఆవిడ పిల్లని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్ళ కింద దిండు పెట్టి, పొట్ట నిమురుతూ చెప్పింది. "ఊళ్ళో ఏడవకూడదు గాని, ఆసుపత్రిలో ఏడిస్తే ఏంటమ్మాయ్? డాక్టరు పక్క గదిలోనే ఉన్నాడు. నిజం చెబితే పిల్ల ఒకసారి ఏడుస్తుంది. అబద్ధం చెప్పావనుకో, రేపు నిన్ను చూసినప్పుడల్లా ఏడుస్తుంది." ఉబ్బు తగ్గింది. ఆవిడ మీద నా కోపం మాత్రం తగ్గలేదు. పిల్లల్ని కన్న మనిషి ఇలా మాట్లాడుతుందా అనుకున్నాను.

సాయంత్రం వచ్చి, "రేపు పొద్దున్నే ఆపరేషన్. రాత్రి ఎనిమిది దాటాక పిల్లకి ఏమీ పెట్టొద్దు" అని చెప్పి వెళ్ళింది. నేను తలూపాను. మోసం చెయ్యాలని కాదు, నిజంగానే తలూపాను. కానీ మా ఇంట్లో ఏమీ తినకపోవటం అంటే ఏంటో వినండి. శనివారాలు మా అత్త ఒక్కపొద్దు ఉంటుంది. అన్నం ముట్టదు. పాలు తాగుతుంది, అరటిపండు తింటుంది. ఎవరన్నా అడిగితే "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదమ్మా" అంటుంది. అందులో అబద్ధం లేదు. అన్నం ముట్టకపోతే తిననట్టే మాకు. తెల్లవారుజామున పిల్ల ఆకలితో లేచి మూతి బిగించింది. ఇంకాసేపట్లో ఏడుపు ఎత్తుకుంటుంది, మళ్ళీ ఉబ్బుతుంది. బయట కొట్లో గ్లాసుడు పాలు తెచ్చి తాగించాను. సంచిలో ఉన్న చక్రకేళి పండు ఒలిచి సగం పెట్టాను. పైటకొంగుతో మూతి తుడిచాను. అన్నం పెట్టలేదు కదా అని నా మనసుకి నేను చెప్పుకున్నాను. మరి మూతి ఎందుకు తుడిచినట్టు?

పొద్దున్నే సువార్తమ్మ వచ్చింది. మంచం పక్కన నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, నన్ను చూసి, "ఏం పెట్టావు?" అంది.

ఏమన్నా పెట్టావా అని అడగలేదు, వినండి. ఏం పెట్టావు అని అడిగింది. నేను మాట్లాడేలోపే మా ఆయన అందుకున్నాడు. "ఏమీ పెట్టలేదండి. మీరు చెప్పారు కదా!"

"నిన్ను అడగలేదు నాయనా. నీ వంతు వస్తుంది" అని నన్ను వరండాలోకి తీసుకెళ్ళింది. అక్కడ గొంతు తగ్గించింది. "చూడమ్మాయ్. నేను కొత్తగా చేరినప్పుడు ఒక తల్లిని, పిల్లాడికి ఏమన్నా పెట్టావా అని అడిగాను. పక్కన మొగుడున్నాడు. లేదంది. మత్తు ఇచ్చాక పిల్లాడు కక్కాడు, అది ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడు రోజులు కళ్ళు తెరవలేదు వాడు. బతికాడు, దేవుడి దయ. ఆ తల్లిది తప్పు కాదు, నేను అడిగిన తీరుది తప్పు. తల్లన్నాక పెట్టకుండా ఉండదు. అందుకే ఏం పెట్టావు అని అడుగుతున్నా."

నాకు ఏడుపు ఆగలేదు. పాలు, పండు అని చెప్పాను. "ఎన్నింటికి?" అంది. చెప్పాను. తిట్టలేదు. గడియారం చూసుకుంది. "కావాలంటే చిట్టినే అడగొచ్చు కదండీ" అన్నాను వెక్కుతూ. ఆవిడ నా వైపు తీక్షణంగా చూసింది. "పిల్లని తల్లి మీద సాక్ష్యం అడగను. ఎప్పుడూ అడగలేదు."

తర్వాత మా ఆయన్ని పిలిచింది. ఏం చెప్పిందో గాని, రెండు నిమిషాల్లో ఆయన మొహం ఎండు చేపలా అయిపోయింది. నేను పాలగ్లాసు కడగటానికి వెళ్ళినప్పుడు, ఆయన టీలో ముంచి రెండు బిస్కెట్లు పెట్టాడట! ఇక మిగిలింది మా అత్త. ఆవిడ గుట్టుగా ఇంటి నుంచి చిన్న సీసాలో తీర్థం తెచ్చింది. అది పోసి, పైన పటికబెల్లం పలుకు నోట్లో వేసింది.

"తీర్థం తిండేంటమ్మా, చోద్యం కాకపోతే! దేవుడిది" అంది మా అత్త.

"దేవుడిదైనా కడుపులోకే పోతుంది కదా పెద్దమ్మా" అంది సువార్తమ్మ. మా ముగ్గుర్నీ వరసగా చూసింది. "పాలు, పండు, బిస్కెట్లు, టీ, బెల్లం, తీర్థం. పెళ్ళి భోజనమే పెట్టారుగా పిల్లకి! తాంబూలం ఒక్కటే తక్కువ." మా ఆయన పక్కున నవ్వి, నా మొహం చూసి ఆపుకున్నాడు. ఒకరికి తెలియకుండా ఒకరం పెట్టాం. ముగ్గురం ఏమీ పెట్టలేదనే మొహాలతో నిలబడ్డాం. ఏమన్నా పెట్టారా అని అడిగి ఉంటే ముగ్గురం లేదనే అనేవాళ్ళం. మా పిల్ల ఆ నిండు కడుపుతోనే లోపలికి వెళ్ళేది.

ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. డాక్టరుగారు వచ్చి మా మీద కేకలేశారు. చదువుకోని జనంతో ఇదే గొడవ అన్నారు. సువార్తమ్మ చేతులు వెనక్కి పెట్టుకుని, "నేనూ సరిగ్గా చెప్పలేదండి. ఏమీ పెట్టొద్దన్నాను గాని, పాలూ పండూ కూడా అందులోకే వస్తాయని విడమర్చలేదు" అంది. వార్డులో అంత పేరున్న మనిషి, మా కోసం అలా తల వంచి నిలబడుతుందని నేను అనుకోలేదు. ఆయన వెళ్ళగానే మా వైపు తిరిగి మళ్ళీ మామూలు గొంతుతో, "ఊఁ, ఏడుపులు చాలు. వెళ్ళి టిఫిన్ చేసి రండి. పిల్లకి రాత్రి ఎనిమిదిలోపు పెట్టుకోవచ్చు. మీరు పస్తుండి పడిపోతే మిమ్మల్ని మొయ్యటానికి నా దగ్గర మనుషుల్లేరు" అని తరిమింది. ఆ రోజు నుంచి ప్రతి తల్లికీ పదార్థాల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పేది. అన్నం వద్దు, పాలు వద్దు, పండు, బిస్కెట్టు, టీ, కొబ్బరినీళ్ళు, తీర్థం, ప్రసాదం, నమిలేది, చప్పరించేది ఏదీ వద్దు అని. పక్క మంచం తల్లికి అది చెబుతూ నా వైపు ఓరగా చూసింది.

మర్నాడు పొద్దున్నే చిట్టి ఆకలంది. నేను గాజుల మాట ఎత్తలేదు. "ఆకలేస్తుందమ్మా. ఆపరేషన్ అయ్యాక గాని పెట్టకూడదు. నాక్కూడా కష్టంగానే ఉంది" అన్నాను. అది కాసేపు రాగం తీసింది, తర్వాత నా ఒళ్ళో తల పెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ పడుకుంది. బండి మీద తీసుకెళ్తుంటే థియేటరు తలుపు దగ్గర నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు కూడా లోపలికొస్తావా?" అంది. వస్తాను అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. సువార్తమ్మ వైపు చూశాను. "రాను తల్లీ, రానివ్వరు. ఈ తలుపు దగ్గరే కూర్చుంటాను. నువ్వు బయటికొచ్చేసరికి ఇక్కడే ఉంటాను" అన్నాను. అది నా చెయ్యి వదిలింది. తనంతట తనే వదిలింది.

తలుపు మూశారు. నేనూ మా ఆయనా గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాం. మా అత్త ఎదురుగా కూర్చుని గొణుక్కుంటోంది. సువార్తమ్మ ఏదో తీసుకెళ్ళటానికి బయటికొస్తే, మా ఆయన ఆవిడ కాళ్ళ మీద పడేంత పని చేశాడు. "ఏం కాదు కదా సిస్టరమ్మా? ఏం కాదని ఒక్క మాట అనండి."

ఆవిడ ఆగింది. ఆ మాట అనటానికి ఎంతసేపు పడుతుంది? ఎవరైనా అంటారు. ఆవిడ అనలేదు. "అది నా చేతిలో లేదు నాయనా. డాక్టరుగారి చెయ్యి మంచిది. పిల్ల కడుపు ఖాళీగా ఉంది. మనం చెయ్యాల్సింది చేశాం" అంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేసుకుందో, అలిసిపోయిందో నాకు తెలియదు. మళ్ళీ లోపలికెళ్ళిపోయింది. మా ఆయన, "అంటే మనం సరిగ్గానే చేశామన్నమాట" అన్నాడు. ఆ మాట పట్టుకుని కూర్చున్నాం ఇద్దరం.

చిట్టి బయటికొచ్చింది. మత్తు దిగుతూ, కళ్ళు సగం తెరిచి, నొప్పి నొప్పి అని మూలిగింది. ఏం లేదమ్మా అనబోయి నోరు మూసుకున్నాను. "తెలుసు తల్లీ. కోశారు కదా, నొప్పిగానే ఉంటుంది. రెండు రోజులుండి తగ్గుతుందట" అన్నాను. "రెండు రోజులేనా?" అంది. రెండు వేళ్ళు చూపించాను. ఆ వేళ్ళు పట్టుకుని నిద్రపోయింది.

తర్వాత ఏడాదికోసారైనా ఎండురొయ్యలు పట్టుకుని రేపల్లెలో ఆవిడ ఇంటికి వెళ్ళేదాన్ని. ఒక్కసారి కూడా బాగున్నాయని అనలేదు. "పోయినసారి ఉప్పు ఎక్కువేశావు" అని డబ్బాలో పోసుకునేది. నోరు మంచిది కాదు, అది ఒప్పుకోవాలి. ఆవిడ తిట్లకి పిల్లని తీసుకుని వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయినవాళ్ళూ ఉన్నారు. ఇంకో మాట. అందరికీ నిజం చెప్పిన మనిషి, తన ఒంట్లో జబ్బు గురించి మాత్రం చివరి దాకా ఎవరికీ చెప్పలేదు. ఆ విషయంలో ఆవిడ మీద నాకు ఇంకా కోపమే.

మూడేళ్ళ కిందట మా ఆయనకి జబ్బు చేస్తే బాపట్లలో చేర్పించాం. ఇక లాభం లేదని డాక్టరు నాకు చెప్పారు. ఆయనకి చెప్పొద్దని చుట్టాలందరూ నా చేతులు పట్టుకున్నారు. ధైర్యం చెప్పు, ఏం కాదని చెప్పు అన్నారు. నేను లోపలికెళ్ళేసరికి ఆయన నా మొహమే చూస్తున్నాడు. "ఏమన్నారే?" అన్నాడు. మంచం పట్టీ మీద కూర్చుని, డాక్టరు ఎలా చెప్పారో అలాగే చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఆయన పైకప్పు వైపు చూశాడు. "సరే. చిట్టిని రమ్మను" అన్నాడు. ఇంకా పదకొండు రోజులున్నాడు. ఏం కాదు అనకుండా ఒక మనిషి పక్కన కూర్చోవటం ఎంత కష్టమో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. నోరు ఊరుకోదు. అయినా కూర్చున్నాను. మందు ఎందుకిచ్చారన్నా, నొప్పి ఎన్నాళ్ళుంటుందన్నా, నేను చెప్పింది విని తలూపేవాడు. ఆ పదకొండు రోజుల్లో ఆయన నన్ను ఏదీ రెండోసారి అడగలేదు.