గాలికి ఊడని ఫ్లెక్సీలు

ఫ్లెక్సీ చిరగడానికి పుట్టిన వస్తువు. ఈ ముక్క మాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే టెక్కలిలో దుకాణం పెట్టి, చిరగని ఫ్లెక్సీలు కట్టి, దాన్ని వ్యాపారం అనుకునేవాళ్లం కాదు.

మేము అంటే నేనూ, మా అక్క భర్తా. ఆయన భావనపాడు మనిషి. మీసం రాకముందే గుజరాత్ బోట్లకి వెళ్లాడు. మా తీరం మగవాళ్లు వానల్లో రైలెక్కితే మళ్లీ వేసవికి దిగుతారు. కూతురు నడక నేర్వడం, మాట నేర్వడం రెండూ బావ ఫోన్‌లోనే చూశాడు. ఒక వేసవి ఆయన ఇంటికొస్తే ఆ పిల్ల తలుపు వెనక్కి పోయి, "అమ్మా, ఫోన్లో మావ వొచ్చినాడు" అంది. మా అక్క నవ్వింది. ఆ నవ్వు తర్వాత కొన్నాళ్లు ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

ఆ రోజుల్లోనే దుకాణం ఆలోచన పుట్టింది. నాకు మార్కెటింగ్‌లో ఎంబీయే ఉంది, ఉద్యోగం లేదు. మా వైపు ఈ రెండూ జంటగానే కనిపిస్తాయి. కంప్యూటర్‌లో ఫొటోలు కత్తిరించి అతికించడం నాకు వచ్చు. తాళ్లు కట్టడం బావకి వచ్చు. ఈ రెంటినీ కలిపితే తేలింది ఫ్లెక్సీ దుకాణమే.

అక్క ఒక్క మాట చెప్పింది. "ఒరే తమ్ముడూ, దుకానం నడిసినన్నాళ్లే మీ బావ ఇంటికాడుంటాడు. నడిపించు."

వ్యాపారం ఎందుకు చేయాలో మా కాలేజీలో ఎవరూ ఇంత స్పష్టంగా చెప్పలేదు.

టెక్కలిలో అప్పటికే పాతుకుపోయిన దుకాణాలున్నాయి. పలాసలో ఇంకా పెద్దవున్నాయి. మాకు ప్రింటింగ్ మెషిన్ లేదు. నేను డిజైన్ చేసి పలాసలో ఒక పెద్ద దుకాణానికి పంపితే, వాళ్లు ప్రింట్ తీసి చుట్ట చుట్టి బస్సులో వేసేవాళ్లు. అంటే మేము ఎవరితో పోటీ పడాలో వాళ్ల దగ్గర్నుంచే మా సరుకు రావాలి. ఆ యజమాని మొదటి రోజే నా భుజం తట్టి, "పెట్టండి తమ్ముడూ, అందరం బతకాలి" అన్నాడు. మేము పోటీ అన్న సంగతి పాపం ఆయనకి తట్టలేదనుకున్నాను.

పాత దుకాణాల బలం మెషిన్లలో లేదు. ఏ నాయకుడి ఫొటో ఎవరి పక్కన ఉండాలో, ఎవరి తల ఎవరి తలకంటే ఎంత చిన్నదిగా ఉండాలో వాళ్లకి కంఠస్థం. మేము మా మొదటి పుట్టినరోజు ఫ్లెక్సీలో మండల నాయకుడి తలని ఊరి నాయకుడి తలకంటే వేలెడు తగ్గించాం. ఆ ఊరి నుంచి మళ్లీ ఎవరూ రాలేదు. ధర తగ్గించి చూశాం. "తక్కువకి సేత్తన్నారంటే ఏదో తేడా ఉంటాది" అని ఉన్నవాళ్లు కూడా వెళ్లిపోయారు. నేను పుస్తకంలో చదివిన ఉపాయాలు ఒక్కొక్కటే వాడుతూ వచ్చాను. అవి తొందరగానే అయిపోయాయి.

బావ మాత్రం గుమ్మంలో కూర్చుని వల అల్లుతూ ఉండేవాడు.

"ఎవరికి బావా ఆ వల?"

"ఎవులికీ కాదురా. సేతులూరుకోవు."

అక్టోబరులో వాయుగుండం పట్టింది. మా తీరంలో అక్టోబరు వస్తే ప్రతివాడూ తన కొబ్బరి చెట్ల వైపు ఒకసారి చూసుకుంటాడు. సరిగ్గా ముందురోజు మాకు ఒక ఆర్డరు దొరికింది. బట్టల దుకాణం ప్రారంభోత్సవం, కూడలిలో కట్టాలి. మామూలుగా ఫ్లెక్సీని సన్న కర్రల చట్రానికి మేకులతో కొట్టి, ఆ చట్రాన్ని ఇనప తీగతో స్తంభానికి బిగిస్తారు. గాలి వస్తే మేకు దగ్గర మొదలై చివరిదాకా చిరుగుతుంది. బావ ఆ చట్రాన్ని చూసి నవ్వాడు.

"ఇది కట్టడమేటిరా? తెరసాపకి పిన్నీసు ఎట్టినట్టుంది."

చట్రం పక్కన పడేశాడు. ఫ్లెక్సీ అంచులు మడిచి, మడతలో తాడు పెట్టి, వలకి పైతాడు కుట్టినట్టు నైలాన్ దారంతో చుట్టూ కుట్టాడు. గాలి దూరిపోవడానికి అక్కడక్కడా చిన్న కోతలు పెట్టాడు. నాలుగు మూలలా బోటు ముడులు వేశాడు. మర్నాడు వెళ్లి చూస్తే కూడలిలో నాయకులు, పెళ్లికొడుకులు, పుట్టినరోజు పిల్లలు అందరూ పేలికలై కాలవలో పడి ఉన్నారు. బట్టల దుకాణం పైరేకులు ఎగిరిపోయాయి. దాని ఫ్లెక్సీ మాత్రం ఉంది. ప్రారంభోత్సవానికి అందరికీ స్వాగతం పలుకుతోంది.

అక్కడి నుంచి మా దగ్గరికి జనం రావడం మొదలైంది. భావనపాడు నుంచి, మూలపేట నుంచి, సముద్రపు గాలి తిన్నగా కొట్టే ఊళ్లన్నిటి నుంచి వచ్చేవారు. "గాలికి ఊడని ఫ్లెక్సీ కట్టీది మీరేనా?" అని అడిగేవారు. బావ వల పక్కన పెట్టేశాడు. సాయంత్రమయ్యేసరికి ఇంటికి వెళ్లి కూతురి పక్కన కూర్చుని అన్నం తినేవాడు. ఆ పిల్ల మావ అనడం మానేసింది. అక్క నాతో వ్యాపారం గురించి మాట్లాడడం మానేసింది. అంటే నడుస్తోందని అర్థం.

గట్టిగా కట్టడంలో ఒక చిక్కు ఉందని మొదట చెప్పినవాడు ఒక నాయకుడి అనుచరుడు. వాళ్ల నాయకుడు పార్టీ మారాడు.

"ఏటి బావూ, మా అన్న పాత కండువా ఏసుకుని కూడల్లో ఇంకా నవ్వుతన్నాడు. కొత్త పార్టీవోళ్లు ఫొటోలు తీసి మాకే పంపుతన్నారు. మా కుర్రోళ్లు కత్తెట్టినా తెగట్నేదు. అదేటి ముడి?"

బావ ఛాతీ విరుచుకుని, "సొరసేపకే తెగదు" అన్నాడు.

"సొరసేప టెక్కలి రాదు. మా అన్న ఇప్పుడే వొత్తాడు."

బావ వెళ్లి విప్పి వచ్చాడు. వారం దాకా ఆ సొరచేప మాట చెప్పుకుని నవ్వాం.

ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవాటిలో ఎక్కువ భాగం నివాళి ఫ్లెక్సీలు. అక్కడ కిడ్నీల సంగతి అందరికీ తెలిసిందే, నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా వంతు ఫొటో బాగుచేయడం. పోయినవాళ్లలో చాలామందికి ఒంటరిగా తీయించుకున్న ఫొటో ఉండదు. ఎవరి పెళ్లిలోనో నలుగురితో నిలబడ్డ ఫొటో తెస్తారు. చుట్టూ ఉన్నవాళ్లని కత్తిరించేస్తే పక్కవాడి చెయ్యి మాత్రం భుజం మీద ఉండిపోతుంది. ఆ చెయ్యి తుడిచేసేవాణ్ని. ఎంబీయే వల్ల నాకు అబ్బిన పని అదే.

వానలు వెనకబట్టాక ఒక ముసలామె ఆటో దిగి మా గుమ్మంలో నిలబడింది. ఉద్దానంలో ఒక ఊరామె. కొడుకు నివాళి మా దగ్గరే చేయించారు.

"మా పిల్లడి బొమ్మ కట్టింది మీరేనా నాయినా?"

"మేమేనమ్మా. ఊడిపోనాదేటి?" అన్నాడు బావ. నిజానికి ఆ ప్రశ్నలో కొంచెం గర్వం ఉంది.

"ఊడనేదు. అందుకే వొచ్చినాను."

ఆమె గట్టు మీద కూర్చుంది. నీళ్లు ఇస్తే తాగలేదు, గ్లాసు పట్టుకునే ఉంది. ఫ్లెక్సీ వాళ్ల ఊళ్లో మంచినీళ్ల ప్లాంటు ఎదురుగా ఉంది. రోజూ ఆమె డబ్బాతో అక్కడికే వెళ్లాలి.

"డబ్బా నిండినంతసేపూ సూత్తన్నాడు నాయినా. పక్కింటోళ్ల గుంటడు మావోడి తరవాత పోనాడు. ఆడి బొమ్మ పలాసలో సేయించినారు. ఆడెప్పుడో ఎల్లిపోనాడు. మావోడే ఉండిపోనాడు. మొన్న వానంతా తడిసినాడు."

"ఊళ్లో ఎవరి చేతనైనా దించేయించవచ్చు కదమ్మా?" అన్నాను.

ఆమె నా వైపు చూసి, బావ వైపు తిరిగింది. ఈ కుర్రాడు ఎక్కడివాడు అన్నట్టు. బావకి అడగకుండానే అర్థమైంది. తర్వాత నాకు చెప్పాడు. పోయినవాళ్ల బొమ్మని మా వైపు మనిషి చేత్తో దించరు. కట్టడమే మనుషుల పని, దించడం గాలి పని. నెలకో రెండు నెలలకో గాలి తీసుకుపోతుంది. ఆ రోజు ఇంట్లో "ఎల్లిపోనాడు" అనుకుని తలకి పోసుకుంటారు. ఆ మర్నాటి నుంచి ఆ దారిన మామూలుగా నడుస్తారు. ఇది తాతల నాటి ఆచారం కాదు, తాతల నాడు ఫ్లెక్సీలే లేవు. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరూ పాటిస్తారు. నేను డిజైన్ల మీద కూర్చున్నానే గానీ, కట్టినవి తర్వాత ఏమవుతాయో ఎప్పుడూ వెళ్లి చూడలేదు.

"కట్టినోడిని నానే కదమ్మా. నాను ఇప్పితే దోసం నేదు" అన్నాడు బావ. ఆ నియమం ఆయన అప్పటికప్పుడు చేసిందే. ఆమె నమ్మింది. నమ్మడానికే వచ్చింది.

బండి మీద వెళ్లాం. ప్లాంటు ఎదురుగా ఆమె కొడుకు ఒక్కడే లేడు. మేము కట్టినవాళ్లు ఇంకో ఇద్దరున్నారు. ఎండకి ఎరుపూ పసుపూ పోయి ముగ్గురూ నీలంగా మారారు. పలాస వాళ్లు కట్టిన చోట్ల ఖాళీ కర్రలు మిగిలాయి. బావ నిచ్చెన ఎక్కాడు. కత్తి తీయలేదు, ముడి విప్పడం మొదలుపెట్టాడు. వానకి బిగుసుకుపోయిన ముడి, చాలాసేపు పట్టింది. నీళ్లకి వచ్చినవాళ్లు డబ్బాలు కింద పెట్టి నిలబడ్డారు.

ఎవరో అన్నారు. "ఆడొక్కడిదే ఇప్పుతావేటి? మా నాయిన్ది కూడా ఇప్పీ."

వెనక నుంచి ఒక ఆడపిల్ల గొంతు. "మా అక్కది ముట్టుకోకండి. ఉండనీండి."

బావ రెండు విప్పాడు. మూడోది అలాగే వదిలేశాడు. ముసలామెకి ఫ్లెక్సీ మడిచి ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది. "ఇంటికెలాగ అట్టుకెల్తాను నాయినా?" అంది. రెండో ఆయన కొడుకూ పట్టుకోలేదు. రెండూ మాతోనే వచ్చాయి. దారిలో బావ బండిని సముద్రం ఒడ్డుకి పోనిచ్చాడు. ఫ్లెక్సీ చుట్టలు చంకలో పెట్టుకుని, నీళ్లలో వదలబోయి, మళ్లీ బండి దగ్గరికి వచ్చాడు.

"ఒల్లకోరా. ఎవులి వలకో సుట్టుకుంటాది."

అవి మా దుకాణం అటక మీదికి చేరాయి.

ఆ తర్వాత బావ నివాళి ఫ్లెక్సీల ముడి మార్చేశాడు. నాలుగు మూలల్లో ఒకటి వదులుగా ఉంచేవాడు, గాలికి జారిపోయేలా. జనానికి అది నచ్చలేదు. "మీదీ ఊడిపోతే ఇంత దూరం మీకాడికెందుకు రావాల?" అన్నారు. అన్నదాంట్లో తప్పు లేదు. అదే రోజుల్లో పలాస దుకాణం అంచులో తాడు పెట్టి అతికించే మెషిన్ తెచ్చింది. "తుపానుకి కూడా చెక్కుచెదరదు" అని పెద్ద ప్రకటన. బావ రెండు గంటలు కుట్టేది ఆ మెషిన్ టీ తాగేలోపు చేసేస్తుంది. మా ప్రింట్లు ఆలస్యంగా రావడం మొదలైంది. ఒక నివాళి, దినకర్మ భోజనాలు అయ్యాక బస్సు దిగింది. ఫోన్ చేస్తే యజమాని, "మెషిన్ ఖాళీ లేదు తమ్ముడూ. అందరం బతకాలి" అన్నాడు. ఆ మాట ఆయన మొదటి రోజు కూడా తెలిసే అన్నాడని అప్పుడు అర్థమైంది.

పెళ్లిళ్లు, పుట్టినరోజులు పలాసకే పోయాయి. ఇక మాకు మిగిలింది ఒకటే. మెషిన్ ముడి వేయలేదు. నిజంగా గట్టి గాలి వస్తే నిలిచేది బావ ముడే.

"నివాళులకి కూడా మునపట్లా కట్టేద్దాం బావా. మన దగ్గరున్నది ఆ ముడొక్కటే" అన్నాను.

"నాను కట్టనురా."

"కట్టకపోతే దుకాణం ఉండదు."

"తెలుసు."

"దుకాణం లేకపోతే ఏమవుతుందో కూడా తెలుసా?"

బావ దారం చివరని పళ్లతో తెంపాడు. "గుజరాత్ వోళ్లు మొన్ననే ఫోన్ సేసినారు" అన్నాడు.

అక్కకి ఆయనే చెప్పుకున్నాడు. ఆమె బట్టలు సర్దుతూ, "ఆ ముసిలి తల్లి కోసరమే కదేటి" అని మాత్రం అంది. ఆ మాట కోపమో ఒప్పుకోలో నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. పలాస స్టేషన్‌కి నేనే దింపాను. స్టేషన్ బయట ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ ఒక చెవి తెగి కొట్టుకుంటోంది. బావ బ్యాగు దించి, అటు చూసి, "సూడు, ఎంత సక్కగా సిరుగుతందో" అన్నాడు. రైలొచ్చింది. కూతురు నిద్ర లేవకముందే బయల్దేరాడు కాబట్టి, ఆ పిల్లకి ఆయన మళ్లీ ఫోన్‌లోనే కనిపించాడు.

దుకాణం ఖాళీ చేశాను. కంప్యూటర్ తెచ్చుకున్నాను. అటక మీది రెండు చుట్టలు కూడా తెచ్చి ఇంట్లో బీరువా మీద పెట్టాను. వాటిని ఏం చేయాలో బావ చెప్పి వెళ్లలేదు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. దాని పైన ఇంకా మా బోర్డే ఉంది. దుకాణం తెరిచిన మొదటి చలికాలం బావ కట్టింది. కొత్త కుర్రాడు తన బోర్డు మా బోర్డు కింద పెట్టుకున్నాడు. ఫ్లెక్సీలు కావాలని వచ్చినవాళ్లకి ఫోన్ కవర్లు చూపిస్తూ విసిగిపోయి నన్ను పిలిపించాడు. నిచ్చెన ఎక్కి చాలాసేపు ప్రయత్నించాను. చదువుకున్నవాడిని, ముడి ఎక్కడ మొదలైందో కనిపెట్టగలిగాను. అంతకు మించి ఏమీ కాలేదు.

అక్క బావ నంబరుకి రీచార్జి అక్కడే చేయిస్తుంది. ఆ రోజూ వచ్చి ఉంది. కుర్రాడు లోపలి నుంచి పెద్ద కత్తెర తెచ్చాడు.

"అక్కా, కోసీమంటారా?"

అక్క పైకి చూసింది. "ఒల్లకో బాబూ. కట్టినోడొచ్చి ఇప్పుతాడు."

మొన్న మళ్లీ వాయుగుండం అన్నారు. మా వైపు ఒకటి, గుజరాత్ వైపు ఇంకొకటి. రెండు రోజులు బావ ఫోన్ కలవలేదు. సముద్రంలో ఉంటే కలవదు, అది కొత్తేమీ కాదు. మూడో రోజు గాలి తగ్గకముందే అక్క ఫోన్ చేసింది. బావ గురించి అడుగుతుందనుకున్నాను.

"ఒరే తమ్ముడూ, బజారుకెల్లినావేటి?"

"వెళ్లానే."

"బోర్డుందా?"

"ఉందక్కా. కదల్లేదు."

"సరే" అని పెట్టేసింది.