కాఫీతో పాటు మింగేసిన కబురు

సాయంత్రం నేను పక్కింటి సునీత వాళ్ళింట్లో ఉండగా మా వీధి పెద్దమనిషి సుబ్బారావు గారు జున్ను పట్టుకుని వచ్చారు. ఈయన రాజీ చేసిన ప్రతిసారీ సునీత మొగుడి చేతిలో మళ్ళీ తన్నులు తింది. కిందటి నెల కోర్టు, అతను ఆమె జోలికి రాకూడదని రక్షణ ఆర్డరిచ్చింది.

"మీ ఆయన ఒక్క మాట చెప్పమన్నాడమ్మా..."

"కాఫీ తాగండి బాబాయ్ గారూ," అంటూ సునీత గ్లాసు అందించింది. "కబురు మాత్రం చెప్పకండి. ఎవరిచేత కబురు పంపినా ఆర్డరు తప్పినట్టేనండి. పోలీసులకి సాక్ష్యం మీరే చెప్పాల్సొస్తుంది."

ఆయన కాఫీతో పాటు కబురూ మింగేసి, "ఏం లేదమ్మా, జున్నిద్దామనే వచ్చాను" అని లేచారు.

ఆయన వెళ్ళాక సునీత ఎప్పట్లా పరుగెత్తి గడియ పెట్టలేదు. తలుపు తీసే ఉంచి జున్ను ముక్కలు కోసింది. ఇంత కమ్మటి రాజీ నేనెప్పుడూ చూళ్ళేదండి. మీ వీధి పెద్దమనుషులకి కాఫీ ఎవరిస్తున్నారు?