వట్టివేళ్ళ బట్టీ పెట్టిన రోజు

మా ఇంట్లో అందరూ చెప్పే కథలో తప్పంతా రాగి పాత్రది. "కాటేదాన్ కార్ఖానల చేపిచ్చిన గిన్నె గదా, ఆవిరి ఆపలే, నూనె రాలే" అంటాడు మా మరిది, ఇంటికొచ్చిన ప్రతి చుట్టంతో. వాళ్ళు తలూపుతారు. నేను ఊపను. అదే పాత్రలో అంతకుముందు నిమ్మగడ్డి నూనె తీశాను, ఆ తర్వాతా తీశాను. మూత, మూత మీంచి వంపు గొట్టం, ఆ గొట్టం దూరివచ్చే చన్నీళ్ళ బకెట్, ఏ అతుకూ ఏనాడూ కారలేదు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని. ఆవిరి ఎక్కడినుంచి పోయిందో నాకు తెలుసు.

మంఖాల్ దగ్గరి మా చెలక ప్లాట్లకు అమ్ముడైంది. కాగితం మీద మొదటి వేలిముద్ర మా అత్తమ్మదే. "యాడ వెట్టాలె?" అని అడిగి మరీ పెట్టింది. కంట తడి లేదు. కాలు నిలవనిది నాకే. ఆ చెలక గట్టు పొడవునా వట్టివేరు దుబ్బులుండేవి. మట్టి కొట్టుకుపోకుండా ఆమె కోడలిగా వచ్చిన కొత్తలో నాటినవి. జేసీబీ రాకముందే ఇద్దరు కూలీలను పెట్టి తవ్వించాను. కడిగి, తరిగి, నానబెడితే ఒక్క బట్టీకి, అంటే పాత్ర ఒక్కసారి నిండడానికి, సరిపడా వేళ్ళయ్యాయి. ఆ చెలక వాసన నాకు మిగలాలంటే ఆ ఒక్క బట్టీలోనే మిగలాలి. రెండోదానికి గట్టే ఉండదు.

వట్టివేరు నిమ్మగడ్డి లాంటిది కాదు. పొద్దంతా సన్నమంట మీద ఉడకాలి, నూనె బొట్టుబొట్టుగా, ఆలస్యంగా దిగుతుంది. తెల్లారుతూనే పొయ్యి వెలిగించి, ఆవిరి పోకుండా మూత చుట్టూ గోధుమపిండి మెత్తాను, దమ్ బిర్యానీకి మెత్తినట్టే. తొమ్మిదయ్యేసరికి సీసాలో పడుతున్న నీళ్ళ మీద సన్నటి జిడ్డు మెరుపు కనిపించింది. ఇక చూస్తూ కూర్చోవడమే పని. అదే నాకు చేతకాలేదు. మంట తగ్గించాను, పెంచాను, బకెట్‌లో వేలు పెట్టాను, గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను.

"జర కూసో పిల్లా. నువ్వు దిరిగితె నూనె జల్ది వస్తదా?" అంది అత్తమ్మ.

"నీకేంది అత్తమ్మా, ముద్ర గొట్టి నిమ్మళంగున్నవ్" అన్నాను. నా నోరు అంతే.

అంతలో మరిది ఫోన్. జేసీబీ దిగిందట. వెళ్ళి ఏం ఆపుతాను? అయినా స్కూటీ తీశాను. "బకెట్ల నీళ్ళు ఏడెక్కితె మార్చు. మంట ముట్టకు" అని చెప్పి వెళ్ళాను. పొయ్యి వదిలి వెళ్ళిన తప్పు నాది. ఆ మాట మా వాళ్ళ కథలో ఉండదు, అందుకే నేనే రాస్తున్నాను.

నేను వెళ్ళేసరికి గట్టు చదునైపోయింది. అక్కడా నిలబడలేకపోయాను. శంషాబాద్ తిరిగొచ్చి, మా గల్లీ మలుపులో బండి ఆపేశాను. గల్లీ నిండా వట్టివేరు. తొలకరికి తడిసిన చెలక నడిరోడ్డు మీదికొచ్చి పడుకున్నట్టుంది. ఎదురింటామె గేటు పట్టుకుని, "ఏం వండుతున్నరక్కా, గింత మంచిగ?" అంది.

పరుగెత్తాను. మూత చుట్టూ గోధుమపిండి లేదు. దాని పెచ్చులు ఒక పళ్ళెంలో ఉన్నాయి. దాని చోట జొన్నపిండి ఎండి నెర్రెలు విచ్చింది, ప్రతి నెర్రె నుంచీ ఆవిరి ఎగదన్నుతోంది. అత్తమ్మ కుర్చీ పొయ్యి పక్కకు జరుపుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది.

"జొన్నపిండి వెట్టినవేంది?"

"గోధుమది పగిలింది. చేతికందింది వెట్టిన."

"పక్కకే ఉంది గదా గోధుమపిండి డబ్బా!"

"ఏ పిండైతేంది, పిండే గదా."

ఏ పిండైతేందట! ఇన్నేళ్ళుగా పూటపూటకూ జొన్నరొట్టె కొట్టిన మనిషి అనే మాటేనా అది? జొన్నపిండి సాగదని, వేడికి అంచు విచ్చుకుంటుందని నాకు నేర్పిందే ఆమె.

మళ్ళీ గోధుమపిండి మెత్తి సాయంత్రం దాకా ఉడికించాను. వచ్చింది సీసాడు పలచటి వాసన నీళ్ళు. పైన పొద్దున కనిపించిన ఆ జిడ్డు మెరుపు తప్ప నూనె లేదు. మరిది వచ్చి చూసి గిన్నెను తిట్టాడు. "ఔ, గిన్నెదే" అంది అత్తమ్మ, నా మొహం చూడకుండా.

మర్నాడు పాత్ర తోముతూ మళ్ళీ అడిగాను.

"నూనె వస్తె ఏం జేద్దువు?" అని ఎదురడిగింది.

"దాసుకుందును."

"గా నాలుగు సుక్కలు బీరువల వెట్టి తాళమేద్దువు. ఎవలు సూడాలె?"

"అంటే తెలిసే చేసినవా?"

"రొట్టెలకు ఎసరు మసులుతున్నది" అంటూ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ ఎన్నిసార్లు అడిగినా ఏదో ఒక ఎసరు మసులుతూనే ఉంటుంది. గట్టు పోయింది, నూనె పోయింది, వాటి మీద ఇక గొడవ పడను. ఒక్కటి చెప్పు అత్తమ్మా: ఆ గోధుమపిండి తనంతట తనే పగిలిందా, నువ్వే ఒలిచావా?