సిమెంటు కళ్లంలో నా అరికాళ్లు

జబ్బు బయటపడిన రోజు నాకు నొప్పి లేదు, మంట లేదు. అదే జబ్బని నాకు తెలియలేదు.

అవి వరుసగా వానలు ఎగ్గొట్టిన ఏళ్లు. అరసికెరెలో మా చేను బీడుపడింది. భర్త అప్పటికే పోయాడు, పిల్లలు లేరు. పావగడకు వచ్చి చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులో కూలికి చేరాను. కళ్లంలో ఆరబోసిన కాయలను ఆడవాళ్లం వరుసగా నిలబడి, అరికాళ్లు ఈడుస్తూ తిరగేస్తాం. కాయను చెప్పుతో తొక్కడం పాపమని చెప్పులు గేటు దగ్గరే విడుస్తాం. పేడతో అలికిన మట్టి కళ్లం ఉన్నన్నాళ్లు ఇబ్బంది లేదు, ఎండ వాలగానే చల్లబడేది. ఆ ఏడు మిల్లు సావుకారి సిమెంటు వేయించాడు. అది దీపాలు పెట్టే వేళకు కూడా పెనంలా కాలేది.

ఒక మధ్యాహ్నం అందరూ దాని మీద గంతులు వేస్తుంటే నేను నింపాదిగా నడిచాను. రోజూ నాతో సంగటి పంచుకు తినే అంజినమ్మ నోరు తెరిచి చూసింది.

"ఏందక్కా, నీకు కాలడం ల్యాదా?"

"చేన్లో పుట్టి పెరిగిన కాళ్లు మే ఇవి. మీ మాదిరి సుకుమారం కాదు," అని గొప్పలు పోయాను.

రెండు రోజుల తర్వాత ఇంట్లో నేల మీద తడి మరకలు కనిపించాయి. నీళ్లు ఒలికాయనుకున్నాను. అవి నా అడుగులు. కాలు తిప్పి చూస్తే బొబ్బ పగిలి తోలు ఊడి ఉంది. పసుపు అద్ది, గుడ్డ కట్టి మళ్లీ పనికి పోయాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నాను.

పుండు వాసన వచ్చేసరికి కళ్లంలో మాట పుట్టింది. కాళ్లకు స్పర్శ లేదంటే పెద్దరోగమే, కుష్టే అని. మర్నాడు నీళ్లకుండ దగ్గర నా చెంబు వేరుగా బోర్లించి ఉంది. అంజినమ్మ తన ముద్ద తీసుకుని దూరంగా కూర్చుంది.

"ఏమ్మే?" అన్నాను.

"బిడ్డలుండారక్కా నాకు," అంది, నా వైపు చూడకుండా.

ఆమె మీద కోపం రాలేదు. నాకూ అదే భయం.

ఒక్కదాన్నే బస్సెక్కి తుమకూరు ఆస్పత్రికి పోయాను. డాక్టరు సూదితో అరికాలంతా గుచ్చాడు, నాకు తెలియలేదు. రక్తం, మూత్రం టెస్టులు చేయించి పిలిచాడు.

"షుగర్ ఉండాదమ్మా, చానా ఏండ్ల నుంచి. నరాలు దెబ్బతిన్యాయి. న్యూరోపతి అంటారు. కుష్టు కాదు."

ఆ చివరి మాటకే బోరున ఏడ్చాను. తర్వాతి మాట ఆయన రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"గాంగ్రీన్ వచ్చింది. రెండు వేళ్లు తియ్యాల. ల్యాకుంటే కాలే పోతాది. సంతకానికి ఎవరుండారు?"

"నేనే ఉన్నాను సార్."

వేళ్లు తీశాక వార్డులో నా మంచం పక్కన స్టూలు ఎప్పుడూ ఖాళీ. పక్క మంచం వాళ్లు దాన్ని అడిగి తీసుకెళ్లేవారు. కట్టుతోనే ఇంటికి పంపారు. వస్తుంటే బస్టాండులో తారు మెత్తబడి నా చెప్పును పట్టేసింది. దాన్ని పీక్కునేలోగా కట్టుకాలు రోడ్డు మీద ఆనింది. పది రోజులకు పుండు మళ్లీ తిరగబెట్టింది. డాక్టరు తిట్టాడు. "గాలి వేడి చూసి నమ్మొద్దు. ఎండకు తారు, సిమెంటు ఇంకా ఎక్కువ కాలుతాయి. నీ కాలు ఆ సంగతి నీకు చెప్పదు."

ఈసారి మానేదాకా అక్కడే ఉండి, చీటీ రాయించుకుని మిల్లుకు వచ్చాను. కుష్టు లేదని సావుకారి అందరికీ గట్టిగా చదివి వినిపించాడు. వాళ్లు చీటీని వినలేదు, లేని రెండు వేళ్లనే చూశారు. దాహమంటే అంజినమ్మ నీళ్లు తెచ్చింది. ఎత్తు నుంచి నా దోసిట్లో పోసింది. తాగాను.

ఇప్పుడు షెడ్డులో కూర్చుని విత్తనాలు ఏరుతున్నాను. రోజూ మాత్రలు వేసుకుంటాను. చెప్పులు విడవను. పాపమైతే కానీ.

షుగర్ ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఎండాకాలం తారు మీద, సిమెంటు మీద ఒట్టికాలు పెట్టకండి, రోజూ అరికాళ్లు చూసుకోండి. సొంత అరికాలు సరిగా కనిపించదు కాబట్టి ఇంట్లో ఎవరినైనా చూడమనండి. ఎవరూ లేకపోతే సంతలో చిన్న అద్దం దొరుకుతుంది. నేను దాన్ని నేల మీద పెట్టి, పైన కాలు ఎత్తి చూసుకుంటాను.