చెవి వెనుక నూనె తడి

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఒళ్ళు మంట. కోవిల్‌పట్టిలో తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పే పని నాది. వేపచెట్టు మీద దయ్యం ఉందని భయపడిన పిల్లల్ని ఆ చెట్టు కిందే కూర్చోబెట్టి పాఠం చెప్పినదాన్ని. ఇది రాస్తే ఆ పిల్లలే నవ్వుతారని తెలుసు. అయినా రాస్తున్నాను.

నా తమ్ముడు సీనివాసన్‌ది విరుదునగర్ పక్క పల్లె. నల్లరేగడిలో మిరప, మినుము వేస్తాడు. మేము ఎన్నో తరాల కిందట ఇటు వచ్చిన తెలుగు రైతులం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. వాడి మెడ వెనుక, జుట్టు మొదలయ్యే చోట, ఏళ్ల తరబడి ఒక గడ్డ ఉండేది. నొప్పి లేదు, దురద లేదు. రేగిపండంత ఉన్నది మెల్లగా నిమ్మకాయంత అయింది.

మా వైపు ఏ గడ్డ లేచినా ఒంటి వేడి అంటారు. ఆ వేడికి మందు శనివారం తలంటు. వాడి భార్య ఆండాళ్ నువ్వుల నూనెలో మిరియాలు వేసి కాచి, వారం వారం తలకూ మెడకూ మర్దన చేసేది. గడ్డ కరగలేదు. ఆండాళే గుండె ఆగి చనిపోయింది. ఆ తర్వాత ఆ ఇంట్లో నూనె కాచినవాళ్ళు లేరు. బడికెళ్ళే కూతురు ఒక్కతే వాడికి మిగిలింది. వీడికేమైనా అయితే ఆ పిల్ల గతి ఏమిటన్నదే నా బెంగ.

కోవిల్‌పట్టిలో ఒక డాక్టరు గడ్డ పైభాగం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాడు. గాయం మానినచోట పెరిగే కండలాంటిదే, భయం లేదని ఫలితం వచ్చింది. తమ్ముడు సంబరపడ్డాడు. నాకు మాత్రం మింగుడు పడలేదు. దెబ్బే తగలని చోట గాయం మానడమేమిటి?

"నీకు అన్నీ సందేగమే అక్కా. బడి పిల్లోళ్ళను అడిగినట్టు డాక్టర్లను అడగతావు," అని విసుక్కున్నాడు.

"నీకు ఆడబిడ్డ ఉండాది. నోరు మూసుకోని బస్సెక్కు," అన్నాను.

విరుదునగర్‌లో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. జుట్టుకు నూనె ఉండకూడదని ముందే చెప్పారు. ఆ పొద్దున నేనే సీకాయపొడితో వాడి తల రుద్ది కడిగాను. ఆసుపత్రిలో నేను టోకెన్ వరుసలో నిలబడ్డాను. వాడు వరండా చివర బెంచీ మీద తల వంచి, కళ్ళు మూసుకుని ఒంటరిగా కూర్చున్నాడు.

లోపలికి పిలిచారు. మెడ తుడవబోయిన నర్సు మాపై విరుచుకుపడింది. కుడి చెవి వెనుక నూనె కారుతోంది. చొక్కా కాలరు తడిసింది. దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని, మిరియాల నూనె ఎందుకు రాశారని తమిళంలో తిట్టింది. వాడే రాసుకున్నాడేమోనని వాడి చేతులు వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

డాక్టరు తానే స్పిరిట్ దూది అందుకుని ఆ నూనె తుడిచాడు. తుడుస్తున్న వేలు ఆగింది. మళ్ళీ అక్కడే నొక్కాడు. పైకి ఏమీ కనిపించదు కానీ, చర్మం కింద గట్టిగా ఏదో ఉంది. గడ్డ నుంచి ఒక ముక్క, అక్కడి నుంచి లోతుగా ఇంకో ముక్క తీశాడు.

గడ్డ ముక్కలో ఈసారీ ఏమీ తేలలేదు. చెవి వెనుక ముక్కకు ప్రత్యేకమైన రంగులు వేసి చూస్తే బయటపడింది. చర్మం కింది మెత్తని కండలో చాలా నెమ్మదిగా పాకే అరుదైన కాన్సర్ అట. చేలో తుంగ లాంటిది. పైన పీకితే మళ్ళీ మొలుస్తుంది. కనిపించే గడ్డ ఒక్కటే కోసి ఉంటే మిగిలింది ముఖం నరాల దాకా పోయేదని డాక్టరు చెప్పాడు.

మదురైలో పెద్ద ఆపరేషన్ అయింది. అంచుల్లో ఏమీ మిగల్లేదన్నారు. తమ్ముడు మళ్ళీ చేనికి పోతున్నాడు.

ఆ నూనె సంగతి మొన్న మొన్నటిదాకా వాడిని అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందో అని భయం. పోయిన వారం, వాడి కూతురు బడికి వెళ్ళాక, ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"చెవి ఎనక కూడా ఒకటి ఉండాదని ఆండాళు ఎప్పుడూ చెప్తా ఉండె. నేనే చెవిన పెట్టలా," అన్నాడు.

"అది కాదురా. బెంచీ కాడ ఎవరొచ్చినారు? నువ్వు చూడలేదా?"

వాడు చెవి వెనుక ఆపరేషన్ మచ్చను తడుముకున్నాడు.

"ఆ చెయ్యి నాకు తెలీదా అక్కా? కండ్లు తెరిస్తే పోయేస్తాదని తెరవలా."