బర్నబా లాంతరు, సనియా శనివారం

బర్నబాకి రెండు విషయాల మీద గట్టి నమ్మకం. దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేసి ఏడో రోజున, అంటే శనివారంనాడు, విశ్రాంతి తీసుకున్నాడన్నది ఒకటి. ఆ సంగతిని తనంత బాగా తెరమీద చూపించగలవాడు విజయనగరం నుంచి జయపురం దాకా ఇంకొకడు లేడన్నది రెండోది. మొదటిది మిషను దొర దగ్గర నేర్చుకున్నాడు. రెండోది పుట్టుకతో వచ్చిందని అతని భార్య లిదియా అంటుంది.

అంతకుముందు అతను ఒక నాటకాల కంపెనీలో దీపాలు వెలిగించేవాడు. బాప్తిస్మం పుచ్చుకోగానే, శుక్రవారం పొద్దు గూకింది మొదలు శనివారం పొద్దు గూకేదాకా దేవుడి పనికి తప్ప దీపం ముట్టనని యజమానితో చెప్పాడు. శుక్రవారం రాత్రి ఆటకే జనం విరగబడతారు. యజమాని ఆట మానలేదు గానీ బర్నబాని మాత్రం మానిపించాడు. ఆ వారమే మిషను దొర అతణ్ణి పిలిచి చేతిలో మాజిక్ లాంతరు పెట్టాడు. ఇత్తడి గొట్టం, నల్లటి రేకు ఒళ్లు, దాంతోపాటు రంగులేసిన గాజు పలకలు. వెనక కిరసనాయిలు దీపం వెలిగించి ముందు పలక దూర్చితే గోడమీద ఆదాము ఆవిడతో సహా నిలబడతాడు. ఈ పలకలే చైనాలోనూ ఆఫ్రికాలోనూ చూపిస్తున్నారని దొర చెప్పినప్పుడు, చైనాలో చూపించేవాడికి వత్తి కత్తిరించడం సరిగా వచ్చో రాదో అని బర్నబా బెంగపడ్డాడు.

1926లో లాంతరుని కావిట్లో కట్టించుకుని, లిదియాని వెంటబెట్టుకుని, ఘాటీ ఎక్కి అరకు లోయ పైన ఒక కొండ ఊళ్లో దిగాడు. పాక వేసుకున్నాడు. పగలు కూడా బొమ్మలు కనపడేలా లోపల చుట్టూ కంబళ్లు కట్టాడు. బొమ్మలంటే ఊరంతా వచ్చేది. నోవహు ఓడ దగ్గర పిల్లలు కేకలు పెట్టేవాళ్లు. ఊరిపెద్ద సోంబరు నాయుడు ఏనుగుల జత వచ్చినప్పుడల్లా ఇంకోసారి చూపించమని అడిగేవాడు. అంతా బాగానే ఉంది. శనివారం ప్రార్థనకి మాత్రం పాకలో బర్నబా, లిదియా, ఒక పిల్లి ఉండేవారు. పిల్లి కూడా మధ్యలో లేచిపోయేది.

ఏడాది గడిచాక దొర దగ్గర్నుంచి కబురొచ్చింది. సంక్షిప్తంగా చెప్పాలంటే, వర్షాలు తగ్గాక ఒక శనివారం ఆయన ఫొటో తీసే పెట్టె పట్టుకుని కొండెక్కుతాడు. ప్రార్థనకి జనం ఉంటే ఆ ఫొటో మిషను పత్రికలో అచ్చయి సముద్రాలు దాటి దేశదేశాలకీ పోతుంది. జనం లేకపోతే లాంతరు కొండ దిగి, దాని కోసం ఎప్పట్నుంచో అడుగుతున్న గోదావరి జిల్లాకి పోతుంది.

ఆ మాట వినగానే బర్నబాకి అన్నం సయించలేదు.

"లాంతరు పోతే పోనీ. నోరు ఉంది కదా, నోటితో సెప్పు," అంది లిదియా.

"నోటితో సెప్తే ఎవుడొత్తాడే? లాంతరు లేకపోతే నానేటి, గొట్టం లేని దీపాన్ని."

నిజానికి ఆ లాంతరు పక్కన నిలబడ్డప్పుడే అతనికి తానొక మనిషిననిపించేది. నాటకాల కంపెనీలో వెలుతురంతా రాజుల మీదా రాణుల మీదా పడేది. దీపాలవాడి మొహం ఎవడూ చూసి ఎరగడు. అందుకని ఆ పెట్టె పోతుందంటే ప్రాణం పోయినట్టుంది.

మర్నాటి నుంచీ అతని ప్రసంగం జోరెక్కింది. ఏడో రోజు పలకని తెరమీద చాలాసేపు నిలిపేవాడు. "ఆదివారం ఉంది, సోమవారం ఉంది, అన్నీ ఉన్నాయి. కానీ దేవుడు దేన్ని దీవించినాడు? శనివారాన్ని! దేన్ని పవిత్రం సేసినాడు? శనివారాన్ని!" అని గుండె బాదుకునేవాడు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. కొందరు వెనక మూలన నక్కి కూర్చున్న సనియా వైపు తిరిగి చూసేవాళ్లు.

ఈ సనియా ఊరికి ఆ చివర గుడిసెలో ఉంటాడు. విత్తనాలప్పుడు మొదటి గుప్పెడు చల్లడానికి అతణ్ణి ఎవరూ పిలవరు. పెళ్లికి బయల్దేరేవాళ్లు అతను ఎదురైతే కాసేపు కూర్చుని మరీ బయల్దేరతారు. చెడ్డవాడని కాదు. అది అంతే. ఎందుకంతేనో బర్నబా ఎన్నడూ అడగలేదు. అడిగి వినడం కంటే చెప్పడం అతనికి బాగా వచ్చు.

ఆ శనివారం సనియా నెత్తికి నూనె రాసుకుని, ఉతికిన గోచీ కట్టుకుని, పాకలోకి వచ్చి ముందు చాపమీద కూర్చున్నాడు. పిల్లి లేచిపోయినా అతను కదల్లేదు. పైవారం ఇంకెవరినో తీసుకొచ్చాడు. ఆపైన గెడ్డ వాగు అవతలి ఊళ్లనుంచి, పై కొండనుంచి, ఎవరెవరో మొహం తెలియనివాళ్లు నడిచి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్లంతా పెళ్లివారిలా దర్జాగా కూర్చునేవాళ్లు. బర్నబా పొంగిపోయాడు.

"సూసినావా? అంతా వత్తి కత్తిరించడంలో ఉంది," అన్నాడు భార్యతో.

"మరి సనియా తప్ప మనూరోలు ఒక్కరూ రారేటి?" అంది లిదియా.

అది నిజమే. సోంబరుని అడిగితే, "ఆ రోజు మాది కాదు కద బాబూ. మా రోజు బొమ్మలు ఎప్పుడొత్తాయో సెప్పు, వొత్తాం," అన్నాడు మర్యాదగా. తప్పించుకునే మాట అనుకుని బర్నబా నవ్వేసి ఊరుకున్నాడు.

దొర వచ్చాడు. ఆయన తెలుగు నేర్చుకున్నది బైబిలు చదివే, కాబట్టి ఆయన మాట్లాడితే ప్రవక్త కొండ దిగి వచ్చినట్టుండేది. కొండ జనం తెలుగు ఆయనకి తెలీదు. తెలుగు నుంచి తెలుగులోకి చెప్పడానికి మధ్యలో బర్నబా నిలబడాల్సి వచ్చింది. పాక నిండా జనాన్ని చూసి దొర కళ్లు తుడుచుకున్నాడు. అందర్నీ ఎండలోకి తెచ్చి వరసగా నిలబెట్టి, మూడుకాళ్ల కర్రమీద పెట్టె బిగించి, "వీరి నామధేయములు తెలుపుడి," అన్నాడు. ఫొటో కింద అచ్చు వేయించాలిగా.

"సనియా," అన్నాడు మొదటివాడు.

"సనియా," అన్నాడు రెండోవాడు.

మూడోవాడూ సనియాయే. పక్కనున్న ముసలమ్మ సన్నాయి. ఆమె కొడుకు సనియా. వరస చివరిదాకా వెళ్లేసరికి దొర చేతిలో పెన్సిలు ఆగిపోయింది.

"సహోదరుడా, వీరందరును ఏక నామము గలవారై యుండుట ఎట్లు?"

బర్నబా తత్తరపడి సనియా వైపు తిరిగాడు. "ఏట్రా ఇది?"

"శనారం పుట్టినోలం కద బాబు," అన్నాడు సనియా, ఇదీ తెలీదా అన్నట్టు. "సోమారం పుడితే సోంబరు, శనారం పుడితే సనియా, ఆడదైతే సన్నాయి. ఇన్నాళ్లూ మాది పాడు రోజనీవోరు. దేవుడు మా రోజునే దీవించినాడని మీరు సెప్పినారు. సంతలో మావోలందరికీ సెప్పీసినాను."

ఏడాదిపాటు ఆ పేర్లతోనే వాళ్లని పిలుస్తూ అందులో వారం ఉందని గ్రహించని తన తెలివికి బర్నబాకి చెమట పట్టింది. వీళ్లంతా ఒకే వంశం దొరా అనేస్తే సరిపోతుంది. ఫొటో సముద్రం దాటును, లాంతరు కొండమీదే ఉండును. లిదియా అతని వైపే చూస్తోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

దొర ఆ పెట్టె కంటికి మూత పెట్టేశాడు. "ఇది విశ్రాంతి దినమును ఆచరించుట కాదు. జన్మదినమును ఆచరించుట," అని నిట్టూర్చాడు. "లాంతరును కట్టించుము."

కట్టించడానికి ముందు చెప్పాల్సింది ఒకటుంది. బర్నబా సనియాని పక్కకి పిలిచాడు. "ఒరే, ఆ దీవెన నీకూ ఉందిరా. నీకొక్కడికే కాదు. అందరికీని."

"సోంబరు నాయుడికీనా?"

"ఆయనకీని."

"ఆయన సోమారం పుట్టినా?"

"ఏ రోజు పుట్టినా."

సనియా నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. పుట్టిన ఇన్నేళ్లకి దొరికిన ఒక్క గొప్పా ఊడలాగేసినట్టు బర్నబాకి తోచింది. లాంతరు పోతున్నందుకంటే అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది.

"అయితే ఆలకి సెప్పాల కద," అన్నాడు సనియా చివరికి. "ఇన్నాల్లూ మీరు ఆలకి సెప్పనేదేటి?"

సమాధానం కోసం చూడకుండా ఊళ్లోకి నడిచాడు. సోంబరు తన గుమ్మంలో ఎండకి కూర్చుని అంబలి తాగుతున్నాడు.

"నాయుడా, రా. ఈ రోజు నీది కూడానంట."

"నీ రోజు నాకెందుకిత్తన్నావురా?" అన్నాడు సోంబరు అనుమానంగా. "యేటకెల్లి తెచ్చిన మాంసం పంచితే నీకు ఎముకలే ఏసినాం."

"ఏసినారు. అయినా రా. బేగి రా, దొర ఎల్లిపోతన్నాడు."

సోంబరు అంబలి గిన్నె కింద పెట్టాడు. కాసేపు గెడ్డం గోక్కున్నాడు. తర్వాత ఇంట్లోకి కేకేసి భార్యని పిలిచాడు. ఆమె పక్కింటామెని పిలిచింది. సోమవారాలూ మంగళవారాలూ, పిల్లల్ని చంకనేసుకున్న గురువారాలూ, ఊరు ఊరంతా గొణుక్కుంటూనే పాక దగ్గరికి వచ్చింది. కూర్చోడానికి చోటు చాల్లేదు. సనియా చాపమీద సోంబరు తల్లి కూర్చుంది. సనియా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. బర్నబా వత్తి కత్తిరించి ఏడో రోజు పలక దూర్చాడు. ఆ పూట ప్రసంగం చెయ్యబుద్ధి కాలేదు. "ఇది అందరిదీని," అని మాత్రం అన్నాడు.

లాంతరు ఇక్కడే ఉండునని దొర సెలవిచ్చి, మళ్లీ అందర్నీ ఎండలో నిలబెట్టి ఫొటో తీశాడు. ఆయన పెట్టె మడుస్తుంటే సనియా దగ్గరికొచ్చాడు.

"ఈ బొమ్మ ఎందాకా పోద్ది బాబు?"

"సముద్రాలు దాటి పోద్ది. లోకమంతా," అన్నాడు బర్నబా.

"అక్కడా శనారం పుట్టినోలుంటారా?"

"ఉండరేటి? ఉంటారు."

"అయితే ఆలకి సెప్పమను. ఆలు మాత్రమే కూకోవద్దని. మిగతావోలిని కూడా పిలుసుకోమను."

వాడేమనుచున్నాడని దొర అడిగాడు. బర్నబా ఆ మాటని, తన సొంతం ఒక్క ముక్క కలపకుండా, దొరకి చెప్పాడు.